ఉల్లిగడ్డల జడ్జి సాబ్

మొన్న మేం పనిచేసే అస్కర్ బిల్డింగు సైటులో మధ్యాహ్నం తిండి వేళ, కొరియా సేఫ్టీ ఆఫీసరు తన ఫోను నీళ్ళసీసాకు ఆనించి పెట్టుకుని వార్తలు చూస్తున్నాడు. ఎదురుగా కూర్చుని నేను నా డబ్బా మూత తీశాను. తెరమీద ఒక పెద్దాయన కనిపించాడు. నల్ల కోటు, బిగించిన పెదవులు, మెడ దాకా పెట్టుకున్న గుండీలు. చుట్టూ జనం చేతులెత్తి అరుస్తుంటే ఆయన మాత్రం ఎవరో కాలు తొక్కినట్టు నిలబడి ఉన్నాడు.

“ఎవరు సార్ ఆయన?” అన్నాను. మా మధ్య నడిచే భాష కొంత హిందీ, కొంత ఇంగ్లీషు, మిగతాదంతా చేతులు.

“జడ్జి. ఉద్యోగమంతా జడ్జిగానే చేశాడు. పాతకాలపు మనిషి, మహా కఠినం. ఇప్పుడు రాజకీయాల్లోకి దిగి ఎన్నికల్లో గెలిచాడు. మా నాన్నకు ఆయన దేవుడు. నాకు ఆ మొహం చూస్తే ముద్ద దిగదు,” అన్నాడు, ముద్ద దింపుతూనే.

“ఆయన శిక్ష వేసినవాళ్ళలో ఎవరైనా ఆయనకు ఓటు వేసి ఉంటారా?”

అన్నం తినే పుల్లలు గాల్లోనే ఆపి నవ్వాడు. “వాళ్ళకేం పిచ్చా?”

“నేను వేశాను,” అన్నాను.

ఆయనకు అర్థం కాలేదు. నేను చెప్తున్నది వాళ్ళ జడ్జి గురించి కాదు, మా జడ్జి గురించి.

మా జడ్జికి పేరు ఉంది. ఇక్కడ రాయను. పేరు పెట్టి పిలిస్తే ఆయనకు నచ్చేది కాదు. “పేరు పాస్‌పోర్టుల ఉన్నది, కావాలంటె అండ్ల సూసుకో” అనేవాడు. పనివాళ్ళం ఉండే సల్మాబాద్ క్యాంపులో మేమంతా జడ్జి సాబ్ అనేవాళ్ళం. ఎగతాళికి మొదలైన పిలుపే అది. ఎగతాళి ఎప్పుడు జారిపోయిందో ఎవరూ గమనించలేదు. ఆయన ఏ కోర్టు మెట్లూ ఎక్కినవాడు కాదు. నిజామాబాద్ పక్కనుంచి వచ్చిన షట్టరింగ్ కార్పెంటరు. మా క్యాంపులో అందరికంటే ముందు ఈ అరబ్బు దేశంలో దిగినవాడు. కాంక్రీటు పోసే ముందు చెక్కలతో దానికి అచ్చు కట్టడం ఆయన పని.

“నేను కట్టింది ఎవ్వనికీ కనవడది. గట్టిపడ్డంక పీకి పారేస్తరు. కని నేను వంకర కడితె మాత్రం బిల్డింగు ఉన్నన్ని దినాలు కనవడతది,” అనేవాడు. ఈ మాట మేం ఎన్నిసార్లు విన్నామో చెప్పలేను. చివరికి ఆయన నోరు తెరవగానే మేమే పూర్తి చేసేవాళ్ళం. అయినా మొదటి నుంచీ మళ్ళీ చెప్పేవాడు.

శుక్రవారం పొద్దున ఆయన కోర్టు. స్థలం క్యాంపు వంటషెడ్డు. ఒక్కో గదికి ఒక్కో పొయ్యి చొప్పున, గోడ పొడవునా గ్యాసు పొయ్యిలు ఉండేవి. పొయ్యి ఉన్నచోట కొట్లాట లేకుండా ఎలా ఉంటుంది? నా వంతులో నువ్వు కుక్కర్ ఎందుకు పెట్టావ్, నా కారప్పొడి ఎవడు వాడాడు, నేను ఆరేసిన బనీను ఎవడి ఒంటిమీద ఉంది. ఇవన్నీ ఆయన ముందుకు వచ్చేవి. ఆగస్టు ఎండలో కూడా తెల్ల ఫుల్‌చేతుల చొక్కా వేసుకుని, గొంతు దాకా గుండీలు పెట్టుకుని, బోర్లించిన పెయింటు బకెట్ మీద కూర్చునేవాడు. చెవి మీది వడ్రంగి పెన్సిల్ తీసి మోకాలి మీద పెడితే విచారణ మొదలైనట్టు. మళ్ళీ చెవి మీదికి పోయిందంటే ఖలాస్, ఇంక మాట లేదు.

విచారణకు ముందు ఒక పద్ధతి ఉండేది. వాది, ప్రతివాది ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని ఉల్లిగడ్డలు కోయాలి. ఆ రోజు క్యాంపులో ఎంతమంది వండుకుంటారో అంతమందికీ సరిపడా కోయాలి. కోసేటప్పుడు మాట్లాడకూడదు.

“ముందుగాల కొయ్యుండ్రి. ఇద్దరి కండ్లల్ల నీళ్ళు రావాలె. ఒక్కని కండ్లల్లనే నీళ్ళుంటె నా మనసు ఆ దిక్కు వోతది,” అనేవాడు.

చాలా తగాదాలు సగం సంచి అయ్యేసరికే తీరిపోయేవి. ఒకసారి గోంగూర పచ్చడి సీసా దొంగతనం మీద పంచాయితీ వచ్చింది. ఇంటి నుంచి తెచ్చుకున్న పచ్చడి మూడు రోజుల్లో సగం అయిపోయిందని ఒకడి గోల. రెండోవాడు ముక్కు చీదుకుంటూ, కత్తి కింద పెట్టి, “తిన్ననన్నా, రోజూ తిన్న, ఇగ నా చాత కాదు ఈ ఉల్లిగడ్డలతోటి” అని ఒప్పుకున్నాడు. జడ్జి సాబ్ నవ్వలేదు. తిన్నవాడి ఇంటి నుంచి ఈసారి ఏ పచ్చడి వచ్చినా మొదటి ముద్ద పోగొట్టుకున్నవాడిదే అని తీర్పు చెప్పి పెన్సిల్ చెవి మీద పెట్టుకున్నాడు.

ఆయన కొన్ని కేసులు ముట్టేవాడు కాదు. ఒకాయన వచ్చి ఊళ్ళో ఉన్న భార్య మీద ఏదో చెప్పబోతే బకెట్ మీది నుంచి లేచి నిలబడ్డాడు. “ఆమె ఈడ ఉన్నదా? లేదు గద. ఈడ లేని మనిషి మీద పంచాయితీ లేదు. పో.” అతను ఏడ్చినా వినలేదు. అలాంటప్పుడు ఆయన్ని చూస్తే ముద్దొచ్చేది.

అయితే ఆయన ముద్దొచ్చే మనిషేం కాదు. వంటషెడ్డులోకి లుంగీ ఎగగట్టుకుని రాకూడదు. తింటుంటే ఫోను స్పీకరులో పెట్టకూడదు. ముందు వచ్చినవాడికి ముందు పొయ్యి, ముందు మంచం, బస్సులో ముందు సీటు. ఇంతకుముందు ఎట్లా నడిచిందో ఇకముందూ అట్లాగే నడవాలి, ఎందుకని అడగకూడదు. ఒక ఎండాకాలం మా బస్సులో ఏసీ చెడిపోయి, బాగుచేసేదాకా ఎక్కేది లేదని కుర్రాళ్ళంతా గేటు దగ్గర కూర్చుంటే, ఆయన ఒక్కడే వాళ్ళను దాటుకుంటూ పోయి ఖాళీ బస్సులో ముందు సీటులో కూర్చున్నాడు. “కంపెనీ బువ్వ తింటున్నం. ఇంటి లడాయి బజార్ల పెట్టద్దు,” అన్నాడు కిటికీలోంచి. ఆ వారమంతా ఆయన్ని కంపెనీ మనిషి అని తిట్టుకున్నాం. నేను అందరికంటే గట్టిగా తిట్టాను. నాకు ఆయన మీద సొంత కక్ష ఉంది.

ఆ కక్ష మంచం గురించి. నాకు నడుం నొప్పి. ఎత్తు మంచం ఎక్కాలంటే ప్రాణం పోయేది. మా గదిలో కింది మంచం ఒకటి ఖాళీ అయితే నాకు ఇమ్మని అడిగాను. నాకంటే నాలుగు నెలల ముందు వచ్చిన ఇంకొకడు తనకు కావాలన్నాడు. ఇద్దరం ఉల్లిగడ్డలు కోశాం. నేను ఆస్పత్రి కాయితం కూడా చూపించాను. జడ్జి సాబ్ దాన్ని తిప్పి తిప్పి చూసి, మడిచి నా చేతిలో పెట్టాడు.

“నొప్పి నిజమే. కని వంతు వానిది. నొప్పిని బట్టి మంచం ఇస్తె రేపటి సంది క్యాంపుల అందరికి నడుం నొప్పే.”

పెన్సిల్ చెవి మీదికి పోయింది. మా గది కింది మంచాల్లో ఒకటి ఆయనదే. అందులో ఆయన గురక పెడుతుంటే పై మంచం మీద పడుకుని పళ్ళు నూరుకునేవాణ్ణి.

ఇలా ఉండగా కంపెనీ వాళ్ళు పనివాళ్ళ మంచిచెడ్డలు చూసే కమిటీకి క్యాంపుకొక మెంబరు ఉండాలన్నారు. పనివాళ్ళే ఎన్నుకోవాలట. క్యాంపు బాసు గోడకు కాయితం అంటించాడు. మొదట నిలబడింది మా స్టోర్‌కీపరు. కోస్తా మనిషి, చదువుకున్నవాడు, ఇంగ్లీషులో మెయిల్ రాయగలడు. అందరినీ గారు అని పిలుస్తాడు. గది గదికీ వచ్చి, “ఏవండీ గంగారాం గారూ, మీ నడుం సంగతి నాకు తెలుసండీ. నేను గెలిస్తే ఫస్టు ఆర్డరు మీ కింది మంచానికేనండీ” అన్నాడు. నాకు కళ్ళలో నీళ్ళొచ్చినంత పని అయింది, అదీ ఉల్లిగడ్డలు లేకుండానే.

రెండు రోజుల తర్వాత జడ్జి సాబ్ కూడా నిలబడ్డాడని తెలిసి అందరం నవ్వుకున్నాం. ఎందుకంటే తీర్పులు చెప్పినవాడికి ఓట్లెక్కడివి? ప్రతి తగాదాలో ఒకడు ఓడతాడు, వాడు మరిచిపోడు. గెలిచినవాడేమో తన న్యాయం తనకు వచ్చిందనుకుంటాడు తప్ప ఎవరికీ రుణపడడు. ఆయన ఎందుకు నిలబడ్డాడని అడిగితే ఒకటే చెప్పాడు. వంటషెడ్డు మూసి కేటరింగ్ డబ్బాలు తెప్పిద్దామన్న ఆలోచన కంపెనీలో ఉందని విన్నాడట.

“పొయ్యి ఆరనియ్య. గంతే. ఇంకేం అడగద్దు.”

ఆయన ప్రచారం అంత విచిత్రమైన ప్రచారం నేను ఇంకెక్కడా చూడలేదు. తన చేతిలో ఓడిపోయినవాళ్ళ దగ్గరికే ముందుగా వెళ్ళాడు. ఒక సాయంత్రం డ్యూటీ దిగి కోల్డ్ స్టోర్ అనే కిరాణా కొట్టు ముందు చాయ్ తాగుతుంటే నా ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

“ఏం రా గంగారాం. ఎలక్షన్ల నిలబడ్డ.”

“విన్ననన్నా.”

“నీకు మంచం ఇయ్యలె నేను.”

“ఇయ్యలె.”

“ఇయ్యాల అడిగినా ఇయ్య. గెలిచినా ఇయ్య. అది చెప్పి పోదామని వచ్చిన.”

“మరి ఓటు?”

“అది నేను అడుగ. నీ ఇష్టం నీది,” అని వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు. కనీసం చాయ్ కూడా తాగలేదు.

నాకు ఒళ్ళు మండిపోయింది. మనిషికి ఇంత పొగరా అనుకున్నాను. కానీ ఓటు రోజున ఓట్ల పెట్టెగా పెట్టిన బిస్కెట్ డబ్బా ముందు చీటీ పట్టుకుని నిలబడితే ఒకటే మాట గుర్తొచ్చింది. స్టోర్‌కీపరు నాకు మంచం ఇస్తానన్నాడంటే, ఇంకెవడికి నా పొయ్యి ఇస్తానన్నాడో. జడ్జి సాబ్ మాత్రం నాకు ఏం ఇవ్వడో మొహం మీదే చెప్పాడు. కోపంతోనే ఆయనకు వేశాను. నాలాంటి కోపిష్ఠివాళ్ళు చాలామందే ఉన్నట్టున్నారు, ఆయన గెలిచాడు. గెలిచాక ఎవరికీ దండం కూడా పెట్టలేదు. ఆ కొరియా జడ్జిలాగే, ఎవరో కాలు తొక్కినట్టు నిలబడ్డాడు.

తర్వాత నెలన్నరకు నేను వంటషెడ్డు తగలబెట్టాను.

కావాలని కాదు. శుక్రవారం మధ్యాహ్నం, అందరూ తిని పడుకున్న వేళ, సర్వపిండి చేద్దామని కూర్చున్నాను. మా వైపు వాళ్ళకు చెప్పనక్కర్లేదు, మిగతావాళ్ళకు చెప్తున్నాను. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, ఉల్లిగడ్డ కలిపి, గిన్నె అడుగున చేత్తో ఒత్తి, చుట్టూ నూనె పోసి, మూత పెట్టి సన్నటి మంట మీద వదిలెయ్యాలి. దాని పక్కన ఎవరూ నిలబడరు. మా అమ్మ సర్వపిండి పొయ్యి మీద పెట్టి బీడీలు చుట్టుకోవడానికి పోయేది. అదీ అలవాటు. నేనూ అలాగే పెట్టి, మా ఇంటామెకు వీడియో కాల్ చేశాను. షెడ్డులో సిగ్నల్ రాదు. “ఎట్ల కాలుతున్నదో సూపెట్టు, నీకు రాదు” అని ఆమె నవ్వుతోంది, మాట తెగిపోతోంది. మాట్లాడుతూ మాట్లాడుతూ గేటు దాకా వెళ్ళిపోయాను. పొయ్యి పైన తాడు మీద నేను ఆరేసిన మసిగుడ్డ సంగతే గుర్తులేదు.

నేను వెనక్కి చూసేసరికి షెడ్డు తలుపులోంచి పొగ. గుడ్డ మంట మీద పడి, పక్కనున్న నూనె డబ్బా అంటుకుంది. నేను కేకలు పెట్టాను. అందరూ లేచి ఇసుక బకెట్లతో పరుగెత్తుకొచ్చారు. జడ్జి సాబ్ బనీను మీదే వచ్చి గ్యాసు బండలు బయటికి ఈడ్చాడు. దేవుడి దయ, ఎవరికీ ఏం కాలేదు. గోడ నల్లబడింది, గాలి పీల్చే ఫ్యాను కరిగి వేలాడింది. మంట ఎలా పుట్టిందో ఎవరికీ తెలియదు. కేక వేసింది నేనే కాబట్టి నన్ను మెచ్చుకున్నవాళ్ళు కూడా ఉన్నారు. ఆ మెచ్చుకోలు నాకు ముల్లులా గుచ్చుకుంది.

మంట ఆరిన గంటకు నీళ్ళ ట్యాంకు వెనక ఆయన్ని పట్టుకుని ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను. విన్నాడు. తిట్టలేదు.

“ఉల్లిగడ్డలు తేపో,” అన్నాడు.

“రెండో పార్టీ ఎవలన్నా?”

“క్యాంపు. క్యాంపు తరఫున నేను కోస్త. ఎట్లాగూ మెంబరును గద.”

ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని కోశాం. ఆయన కళ్ళు కూడా కారుతున్నాయి. అయ్యాక పెన్సిల్ తీసి మోకాలి మీద పెట్టాడు. “పొయ్యి మీద పెట్టినోడు పొయ్యి కాడ ఉండాలె. నువ్వు లేవు. ఆర్నెల్లు క్యాంపుల అందరి గిన్నెలు నువ్వే తోమాలె. ఒక్కటి తప్పిపోవద్దు.” పెన్సిల్ చెవి మీదికి పోయింది. గుండె మీది బరువు దిగింది. నా పంచాయితీ అంతటితో తీరిపోయిందనుకున్నాను.

కానీ మరునాడు క్యాంపు బాసు షెడ్డుకు తాళం వేశాడు. డ్యూటీ నుంచి వచ్చేసరికి మా కోసం రేకు డబ్బాల్లో కేటరింగ్ అన్నం. పసుపు నీళ్ళలాంటి పప్పు, చల్లారిన చపాతీ. అందరినీ తినే హాల్లో నిలబెట్టి చెప్పాడు: మంటకు కారణమైన వాడి పేరు ఇవ్వండి, వాణ్ణి ఇంటికి పంపేసి షెడ్డు తెరుస్తాం. పేరు ఇవ్వకపోతే షెడ్డు ఇక తెరవం.

పేరు చెప్తే నా బతుకు పోతుంది, చెప్పకపోతే క్యాంపు మొత్తం పొయ్యి పోతుంది. ఆ పొయ్యి కోసమే ఆయన ఓటు తీసుకున్నాడు. అందరూ ఆయన వైపు తిరిగారు.

“మెంబరు సాబ్, మీకు తెలుసా?” అని బాసు అడిగాడు.

“ఎరుకే,” అన్నాడు జడ్జి సాబ్. “ఎవలు చేసిండ్రో నాకెరుక. తీర్పు కూడ అయింది. శిక్ష ఏసిన. తీర్పు ఒక్కటే, శిక్ష ఒక్కటే. ఇంకోసారి శిక్ష లేదు.”

హాలంతా గొడవ. “ఎవడో ఒకడి కోసం మేమందరం ఈ గడ్డి తినాలా?” అని ఒకడు. “పొయ్యి ఆరనియ్య అన్నవు గద, ఏమాయె?” అని ఇంకొకడు. స్టోర్‌కీపరు లేచి, “చూడండి జడ్జి గారూ, మీరిప్పుడు జడ్జి కాదండీ, మెంబరు. మెంబరంటే ఓటేసిన వాళ్ళ మాట వినాలండి,” అన్నాడు. అతను చెప్పిందాంట్లో తప్పేం లేదు. నేను లేచాను. నిజంగానే లేచాను, నోరు కూడా తెరిచాను.

“కూసో రా,” అన్నాడు జడ్జి సాబ్, నా వైపు చూడకుండానే. “అయిన పంచాయితీల మల్ల నోరు తెరవద్దు.”

కూర్చున్నాను. కూర్చున్నందుకు సిగ్గుపడ్డాను, కూర్చోబెట్టినందుకు బతికిపోయానని సంతోషపడ్డాను. రెండూ నిజమే, ఏదీ దాచను.

ఆ తర్వాతే ఆయనకు ఒక చిక్కు వచ్చిపడింది. ఇంకెవరికీ ఇది చిక్కుగా తోచి ఉండదు, ఆయనకే తోచింది. నాకు వేసింది గిన్నెలు తోమే శిక్ష. కేటరింగ్ డబ్బాలు తిని పారేసేవి. క్యాంపులో తోమడానికి గిన్నె లేదు. రెండో రోజు కూడా నేను చేతులు కట్టుకుని నిలబడి ఉండటం చూసి ఆయన మొహం మాడిపోయింది.

“తీర్పు ఇచ్చిన. అది నడవాలె. గిన్నె లేకుంటె ఎట్ల నడుస్తది? గిన్నె ఉండాలంటె వండాలె.”

ఆ సాయంత్రం బస్సు దిగేసరికి ఇంకా ఎండ ఉంది. జడ్జి సాబ్ తెల్ల చొక్కా వేసుకుని గొంతు దాకా గుండీలు పెట్టుకున్నాడు. గేటు దాటి, గోడ అవతల గ్యారేజీల పక్కనున్న ఖాళీ జాగాలో మూడు ఇటుకలు పెట్టాడు. షట్టరింగ్ చెక్కముక్కలు ముట్టించి గిన్నెడు అన్నం, గిన్నెడు పప్పు వండాడు. బకెట్ మీద కూర్చుని ఒక్కడే తిన్నాడు. తిని, రెండు గిన్నెలూ నా ముందు పెట్టాడు.

“తోము.”

ఏసీ బస్సు కోసం గేటు దగ్గర కూర్చుంటే వద్దన్న మనిషి ఆయనే. ఇంటి లడాయి బజార్లో పెట్టద్దన్న మనిషి ఇప్పుడు నడిబజార్లో పొయ్యి పెట్టాడు. ఎవరో అది అడిగితే, “ఇది లడాయి కాదు, తీర్పు అమలు,” అన్నాడు. అంతకుమించి పెద్ద మాటేదీ ఆయన నోట రాలేదు.

మూడో రోజు మా గదివాళ్ళు ఇద్దరు తమ ఇటుకలు తెచ్చుకున్నారు. కేటరింగ్ పప్పు ఎన్నాళ్ళు తింటారు? వారం తిరిగేసరికి గోడ పొడవునా పొయ్యిలే. అందరూ తిన్న గిన్నెలు నా దగ్గరికి వచ్చేవి. ఎందుకు ఇతను తోముతున్నాడని ఎవరైనా అడిగితే జడ్జి సాబ్, “నేను ఏసిన శిక్ష. కారణం అడగద్దు,” అనేవాడు. అడగాల్సిన పనేముంది? గడ్డి తిన్న మనుషులకైనా అర్థమవుతుంది. ఒక్కొక్కరి చూపు నా మీద ఆగడం, నా చేతుల మీదికి దిగడం, పక్కకు తప్పుకోవడం నాకు తెలుస్తూనే ఉంది. ఇప్పుడు నా పేరు క్యాంపులో అందరి దగ్గరా ఉంది. ఎవడు వెళ్ళి బాసు చెవిలో వేసినా నేను విమానం ఎక్కాల్సిందే.

ఒక సాయంత్రం స్టోర్‌కీపరు వచ్చి నా ముందు గొంతుకూర్చున్నాడు. చేతిలో కుక్కర్.

“నేనేం చంటిపిల్లాణ్ణి కాదండీ గంగారాం గారూ. నాకు అర్థమైంది.”

నా చేతులు ఆగిపోయాయి. ఎన్నికల్లో ఓడిపోయినవాడు, బాసుతో ఇంగ్లీషులో మాట్లాడగలిగినవాడు. ఒక్క మాట చాలు.

“అడుగు మాడిందండి. గట్టిగా తోమాలి,” అని కుక్కర్ నా ముందు పెట్టి వెళ్ళిపోయాడు.

ఆ కుక్కర్ తోమినంత శ్రద్ధగా నేను జీవితంలో ఇంకేదీ తోమలేదు. ఆ రోజు అర్థమైంది జడ్జి సాబ్ ఏం చేశాడో. నేరం దాచాడు గానీ శిక్ష దాచలేదు. గిన్నె ఇచ్చిన ప్రతివాడూ ఆ తీర్పును ఒప్పుకున్నట్టే. ఒప్పుకున్నాక ఇంక పేరెవరు ఇస్తారు? ఎవరూ ఇవ్వలేదు. ఇదంతా ఆయన ముందే ఆలోచించుకున్నాడా అంటే నాకు నమ్మకం లేదు. ఆయనకు కావలసింది తీర్పు నడవడం, అంతే.

పదకొండో రోజు బలదియా, అంటే ఇక్కడి మునిసిపాలిటీ, వాళ్ళ కారు వచ్చి ఆగింది. దిగిన అరబ్బు ఆయన ఆ పొయ్యిల వరస చూసి, ఫోను తీసి కంపెనీకి చెయ్యాల్సిన ఫోనేదో చేశాడు. లోపల తాళం వేసిన షెడ్డు, బయట ఆరుబయట మంటలు. ఏది ప్రమాదమో కంపెనీకి అప్పుడు తెలిసింది. కొత్త ఫ్యాన్లు, మంటలార్పే ఎర్ర సిలిండర్లు, పొయ్యి దగ్గర మనిషి ఉండాలన్న బోర్డు, అన్నీ వచ్చాక షెడ్డు తెరిచారు. తెరిచిన రోజే బాసు జడ్జి సాబ్‌ని ఆఫీసుకు పిలిచాడు. నేను కిటికీ బయటే ఉన్నాను, వినిపించింది.

“చివరిసారి అడుగుతున్నా. పేరు?”

“చెప్ప.”

“నీ వీసా రెన్యువల్ కాదు.”

“కానియ్యకు.”

ఇంక రెండో మాట లేదు. మా ఊళ్ళో ఏ అరబ్బు దేశమైనా దుబాయే; ఆయన అన్నేళ్ళ దుబాయి ఆ ఒక్క మాటతో అయిపోయింది.

ముహర్రక్ ఎయిర్‌పోర్టుకు ఆయనతో నేనూ వెళ్ళాను. సామాన్ ఒక పెట్టె, ఒక అట్టపెట్టె. చెవి మీద పెన్సిల్ అలాగే ఉంది. దారంతా కూడగట్టుకున్న ధైర్యంతో లోపలికి వెళ్ళే తలుపు దగ్గర అడిగాను.

“నా కోసం నీ బతుకు ఎందుకు పాడుచేసుకున్నవన్నా?”

ఆయనకు నిజంగానే కోపం వచ్చింది.

“నీ కోసమా? నీ కోసం ఎవలు చేసిండ్రు రా? నువ్వంటె నాకు ఎన్నడూ పడదు. పొయ్యి మీద పెట్టి పెండ్లాంతోటి ముచ్చట్లు వెట్టెటోనివి. తీర్పు కోసం చేసిన. ఇచ్చిన తీర్పు మీద ఇంకోడు వచ్చి ఇంకో శిక్ష ఏస్తె, ఇగ నేనెందుకు, ఆ బకెట్టెందుకు?”

నేను ఏడుస్తుంటే ఇంకా చిరాకుపడ్డాడు. రెండడుగులు వేసి వెనక్కి తిరిగాడు.

“నా మంచం ఖాళీ అయింది. మన గదిల కింది మంచం లేనోళ్ళల్ల ఎవలు ముందుగాల వచ్చిండ్రో లెక్క తీస్తె, అది నీకే వస్తది. నువ్వు అడిగితె ఇయ్యలె. ఇప్పుడు వంతు వచ్చింది. ఇంక మూడున్నర నెలలు గిన్నెలు మిగిలినయి, మర్వకు.”

మరిచిపోలేదు. ఒక్కరోజు కూడా తప్పలేదు. ఆ కింది మంచం మీదే ఇప్పటికీ పడుకుంటున్నాను. ఆయన ఊళ్ళో వార్డు మెంబరుగా నిలబడ్డాడని, ఇంటింటికీ పోయి ఎవరెవరికి ఏమేం చెయ్యనో చెప్పి వచ్చాడని, ఓడిపోయాడని తెలిసింది. నాకు నవ్వాగలేదు. ఓడిపోయినవాడిలా మాత్రం ఆయన్ని ఊహించుకోలేను, ఎంత ప్రయత్నించినా.

కొరియా ఆయనకు ఇదంతా ఎలా చెప్పేది? ఆ మధ్యాహ్నం చెప్పలేదు. కానీ మరునాడు పొద్దున, పని మొదలయ్యే ముందు అందరినీ వరసగా నిలబెట్టి జాగ్రత్తలు చెప్పేటప్పుడు, అట్టకు బిగించిన ఫారాలు పట్టుకుని ఆయనే అడిగాడు: “మీలో ఎవరైనా అగ్ని ప్రమాదం దగ్గర్నుంచి చూశారా? ఎలా జరిగింది? చెప్తే మిగతావాళ్ళు నేర్చుకుంటారు.”

ఆ ఫారం ఎక్కడికి పోతుందో నాకు తెలుసు. సాయంత్రానికి మా కంపెనీ ఆఫీసులో ఉంటుంది. మా క్యాంపు బాసు అప్పటివాడే, ఇప్పుడూ ఆయనే. నా పక్కన నిలబడ్డ స్టోర్‌కీపరు మోచేత్తో నన్ను పొడిచాడు, వద్దన్నట్టు.

చెయ్యి ఎత్తాను.

“చూడటం కాదు సార్. నేనే చేశాను. సల్మాబాద్ క్యాంపు వంటషెడ్డు. పొయ్యి మీద పెట్టి పక్కన లేను. తాడు మీద గుడ్డ నాదే. పేరు గంగారాం. రాసుకోండి.”

రాసుకున్నాడు. ఫారంలో కింది గడి దగ్గర పెన్ను ఆగింది. “చర్య ఏమైనా తీసుకున్నారా?”

“తీసుకున్నారు. ఆరు నెలలు శిక్ష పడింది, పూర్తి చేశాను. తీర్పు ఒక్కటే, శిక్ష ఒక్కటే. ఇంకోటి లేదు. అది కూడా రాయండి.”

ఆయన తలెత్తి చూశాడు. “శిక్ష ఎవరు వేశారు?”

“జడ్జి.”

“ఏ కోర్టు?”

“సల్మాబాద్,” అన్నాను.

అదీ రాసుకున్నాడు.